చీపురు దెబ్బ ఎవరికి తగిలింది?

'కన్యాశుల్కం' సినిమా తీసిన పి.పుల్లయ్య నెల్లూరువాడు. 1955లో వచ్చిన ఆ సినిమాను మైపాడు, కృష్ణపట్నం వైపు పల్లెల్లో చిన్నప్పుడు చూసినవాళ్లకి కథలో మెలికలు పెద్దగా గుర్తుండవు. గుర్తుండేది ఎన్టీఆర్ గిరీశమే. కళింగాంధ్ర మాటతీరు నెల్లూరు చెవికి కొత్తయినా, ఆ కోతలకి పడీపడీ నవ్వడం మాత్రం మరుపురాదు.

ఏళ్లు గడిచాక సినిమా మళ్లీ చూసి, దానికి మూలమైన గురజాడ నాటకం కూడా తెరిస్తే ఆ నవ్వు అంత తేలిగ్గా రాదు.

మంచం కింద సీనునే తీసుకుందాం. వేశ్య మధురవాణి ఇంట్లో రామప్ప పంతులు మంచం కింద నక్కి ఉంటాడు. పూటకూళ్లమ్మ చీపురు పట్టుకుని వస్తోందని గిరీశమూ అక్కడే దూరతాడు. దెబ్బ పంతులికి తగులుతుంది, అసలువాడు జారుకుంటాడు. పిల్లలకి ఇంతకన్నా ఏం కావాలి? పెద్దయ్యాక చూస్తే ఆవిడ కోపం వెనక లెక్క కనిపిస్తుంది. సంతలో సామాన్లు తెమ్మని ఆవిడిచ్చిన ఇరవై రూపాయలు గిరీశం మధురవాణికి తగలేశాడు. పదిమందికి వండిపెట్టి బతికే విధవ పెట్టుబడి అది. ఆ సంగతి గురజాడ దాచలేదు, నాటకం మొదట్లోనే గిరీశం నోటే చెప్పించాడు. నవ్వులో పడి మనమే వినం.

గురజాడ పనితనమంతా అక్కడే ఉంది. 1897 నాటి తొలి ముద్రణకి ఇంగ్లీషులో రాసుకున్న ముందుమాట చదివితే ఒళ్లు జలదరిస్తుంది. విజయనగరం మహారాజు ఆనంద గజపతి విశాఖపట్నం జిల్లాలో కన్యాశుల్కం పెళ్లిళ్ల లెక్క తీయిస్తే, మూడేళ్లలో 1,034 తేలాయి. ఐదేళ్ల వయసులో పెళ్లయినవాళ్లు 99 మంది. ఏడాది వయసు పసికందులు ముగ్గురు, వాళ్ల వెల 350 నుంచి 400 రూపాయలు. కడుపులో ఉన్న బిడ్డలకి సైతం బేరాలు కుదిరేవి. ఈ అంకెల్ని ముందుమాటలో ఉంచేసి, నాటకంలో లుబ్ధావధాన్ల పిసినారితనాన్నీ, అగ్నిహోత్రావధాన్ల ముక్కుమీది కోపాన్నీ మన ముందుకి తెచ్చాడు. లుబ్ధావధాన్లకి పెళ్లికూతురి వేషంలో మగపిల్లాణ్ని కట్టబెట్టే కరటకశాస్త్రి మోసానికి మనం పొట్ట పట్టుకుని నవ్వుతాం. అసలు పెళ్లికూతురు, అగ్నిహోత్రావధాన్ల కూతురు సుబ్బి, ఇంకా చిన్నపిల్లే.

గిరీశం డైలాగుల్ని ముక్కలుగా కోసి ఫోన్లలో పంచుకోవడం ఇప్పుడు మామూలైంది. సరదాగానే ఉంటుంది, కానీ నాటకానికి అన్యాయం జరుగుతోంది. ఆ ముక్కల్లో పూటకూళ్లమ్మ ఉండదు, ముసలివాడికి అమ్ముడుపోయి చిన్నతనంలోనే విధవైన బుచ్చమ్మ అసలే ఉండదు. సినిమాలో సావిత్రి వేసిన మధురవాణిని మళ్లీ చూడండి. చుట్టూ ఉన్న పెద్దమనుషుల్ని ఆమె నవ్వుతూనే తూకం వేస్తుంటుంది. చిన్నప్పుడు ఆ చూపు మన కంటపడదు.

నాటకంలో గిరీశం ఆఖరి మాట తెలుగువాళ్లందరికీ కంఠతా వచ్చు. ఆ మాటకి కాస్త ముందు వకీలు సౌజన్యారావు పంతులు బుచ్చమ్మని పూనాలోని వితంతు శరణాలయానికి పంపే ఏర్పాటు చేస్తాడు. ఆ సంగతి ఎందరికి గుర్తుంది?