రాణిగారి సెలూను, మనవాళ్ల మూడో తరగతి

మైసూరు వెళ్లినవాళ్లంతా ప్యాలెస్, చాముండి కొండ, బృందావన్ గార్డెన్స్ చూసి వచ్చేస్తారు. స్టేషన్‌కి దగ్గర్లోనే, కృష్ణరాజసాగర్ రోడ్డులో ఉన్న రైలు మ్యూజియం మాత్రం పిల్లలు పేచీ పెడితేనే జ్ఞాపకం వస్తుంది. 1979లో పెట్టిన ఈ మ్యూజియం ఢిల్లీ తర్వాత మన దేశంలో రెండోది. ఈ సెలవుల్లో చూసి వచ్చాను. బాగుంది. కాని బాగుందని ఊరుకోవడానికి మనసొప్పడం లేదు.

ముందు మంచి మాట చెప్పుకుందాం. పాత ఇంజన్లు అద్దాల బీరువాలో బొమ్మల్లా కాకుండా ఆరుబయట దర్జాగా నిలబడి ఉన్నాయి. ఆవిరి సంగతి మనకి తెలియనిదా? కుక్కర్లో ఎక్కువైన ఆవిరిని ఈలతో బయటికి వదిలేస్తాం. ఇంజను దాన్నే సిలిండరులోకి పంపి, పిస్టన్‌ని తోయించి, ఆ తోపుతో చక్రాలు తిప్పుతుంది. మన వంటింట్లో వృథాగా పోయేది అక్కడ బండెడు జనాన్ని లాగిందన్నమాట!

ఇక మహారాణి సెలూను. 1899 నాటిది. వంటకి, భోజనానికి వసతి, రాణిగారికి ప్రత్యేకంగా మరుగుదొడ్డి, అన్నీ అందులోనే. చూసిన ఆడవాళ్లంతా "ఎంత వైభోగమో!" అంటున్నారు. నిజమే. మరి ఆ రోజుల్లోనే మూడో తరగతిలో చంటిబిడ్డని ఒళ్లో పెట్టుకుని వెళ్లిన ఇల్లాలి మాటేమిటి? 1909లో ఓఖిల్ చంద్ర సేన్ అనే బెంగాలీ ప్రయాణికుడు, తాను కాలకృత్యానికి దిగితే బండి వదిలేసి పోయిందని రైల్వేవారికి ఉత్తరం రాశాడు. ఆ తర్వాతే కింది తరగతి పెట్టెల్లో దొడ్లు వచ్చాయని చెప్తారు. నవ్వు పుట్టించే ఆ ఉత్తరాన్ని ఢిల్లీ మ్యూజియం భద్రంగా దాచింది. ఉత్తరం రాయడం రాని, వచ్చినా ఇలాంటి సంగతి రాయడానికి సిగ్గుపడే ఆడవాళ్లు ఎన్ని స్టేషన్లు నీళ్లు తాగకుండా బిగబట్టుకుని కూర్చున్నారో ఎవరు దాచారు?

మూడో తరగతి 1974లో పోయింది. పోయినవాటిని దాచడమే కదా మ్యూజియం పని! సెలూను పక్కన ఒక చెక్కబల్లల పెట్టె, అందులో ఒక ట్రంకుపెట్టె, ఒక మరచెంబు ఉంటే చాలు, వైభోగం అంటే ఏమిటో చప్పున తెలిసిపోతుంది. సెలూను ఒక్కటే చూస్తే తెలిసేది సగం కథే.

మీరు వెళ్తే పిల్లలకి సెలూను తప్పకుండా చూపించండి. మిగతా సగం మాత్రం మీరే చెప్పాలి.