కాజీపేట పొగ, ఎండాకాలపు గాలి

కాజీపేటలో పెరిగినవాళ్లకు టర్బో ముందు చెవులతోనే పరిచయం. డీజిల్ లోకో షెడ్డు నుంచి ఆల్కో ఇంజిన్ కదిలేటప్పుడు డ్రైవర్ నాచ్ పెంచగానే నల్లపొగ గుప్పున లేచేది. కాసేపటికి సన్నగా టర్బో ఈల మొదలయ్యేది. ఈల చిక్కబడేకొద్దీ పొగ పలచబడేది. డీజిల్ ముందే పడింది, దాన్ని కాల్చడానికి టర్బో తోయాల్సిన గాలి ఇంకా అందలేదు. దీన్ని ‘ల్యాగ్’ అంటారని కాలేజీలో తెలిసింది గానీ, చూడటం మాత్రం నిక్కర్లేసుకున్న రోజుల నుంచే.

ఆ పదహారు సిలిండర్ల ఇంజిన్ డబ్ల్యూడీఎం-2 లోకోలో 2600 హార్స్‌పవర్ ఇచ్చేది. డబ్ల్యూడీఎం-3ఏ నాటికి 3100కి చేరింది. సిలిండర్లు పెరగలేదు, వాటి కొలతా మారలేదు. మెరుగైన టర్బోతో పాటు పెద్ద ఆఫ్టర్‌కూలర్, ఎక్కువ డీజిల్ పంపే పంపు, కొత్త క్యామ్‌షాఫ్ట్, తలమీద ఉక్కు టోపీ ఉన్న పిస్టన్లు వచ్చాయి. ఒక్క టర్బో మార్చి చేతులు దులుపుకోలేదు రైల్వేవాళ్లు.

కారు ట్యూనింగ్ కోసం నా దగ్గరికి వచ్చే కుర్రాళ్లకు ఈ కథే చెబుతుంటాను. "అన్నా, పెద్ద టర్బో ఏస్తే ఎంత పెరుగుద్ది?" అని మొదలుపెడతారు. "ఎక్కడ తోల్తవ్ తమ్మీ?" అని అడుగుతాను. పెద్ద చక్రం తిరగడానికి ఎక్కువ ఎగ్జాస్ట్ కావాలి. హన్మకొండ చౌరస్తాలో రెండో గేరులో పాకే కారుకి అది ఎక్కడిది? చిన్నది వెంటనే లేస్తుంది, కానీ పైన ఊపిరాడక వేడిని మాత్రమే పెంచుతుంది. మారుతి వాడిన 1248 సీసీ డీజిల్‌నే చూడండి. స్విఫ్ట్‌లో మామూలు టర్బోతో 75 పీఎస్, ఎర్టిగాలో 90. ఎర్టిగా టర్బోలో టర్బైన్ చుట్టూ కదిలే రెక్కలుంటాయి. వేగం తక్కువైతే దారి ఇరుకు చేస్తాయి, పెరిగితే వెడల్పు చేస్తాయి. ఆ రెక్కల్ని నడిపే ఈసీయూ లేకుండా టర్బో ఒక్కటే తెచ్చి బిగిస్తే అది బరువే.

అన్నిటికన్నా నాకు పట్టింపు గాలి వేడి మీద. కంపెనీలిచ్చే కంప్రెసర్ మ్యాపులు మన ఎండకన్నా చల్లటి గాలికి కట్టిన లెక్కలు. 20 డిగ్రీల గాలితో పోలిస్తే 45 డిగ్రీల వరంగల్ మే నెల గాలిలో, అదే ఒత్తిడి దగ్గర, ఆక్సిజన్ ఎనిమిది శాతం దాకా తక్కువ. దాన్ని రెట్టింపు ఒత్తిడికి కుదిస్తే, కంప్రెసర్ సామర్థ్యం డెబ్బై శాతం అనుకున్నా, 140 డిగ్రీలు దాటిపోతుంది. ఇంటర్‌కూలర్ దాన్ని దించాలి. దాని ముఖానికి తగిలేదీ ఆ ఎండగాలే, సిగ్నల్ దగ్గర ఆగితే అదీ ఉండదు. పెట్రోల్ ఇంజిన్‌లో అక్కడే నాకింగ్ పుడుతుంది. డీజిల్‌లో ఎగ్జాస్ట్ వేడెక్కి పిస్టన్ తల కరిగేదాకా పోతుంది. అందుకే జనవరిలో పొద్దున్నే చేసిన ట్యూనింగ్‌ను నేను నమ్మను. ఒకటే మార్పు, వెంటనే డేటా లాగ్, మళ్లీ ఒకటే మార్పు. అది కూడా మిట్టమధ్యాహ్నం. విసుగొచ్చే పని, నిజమే. బూస్ట్ గీత ఎక్కడ వంగిందో, వేడి గీత ఎక్కడ లేచిందో పక్కపక్కన పెట్టి చూసేటప్పుడు నాకు గంటలు తెలియవు.

వచ్చినవాళ్లకు ఒక మాట ముందే చెప్పేస్తాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద రోడ్డు మీద తిరిగే బండిని తయారీదారు ఇచ్చిన రూపం నుంచి ఇలా మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. టర్బో మారిస్తే అది ట్రాక్ కారు. ట్రాలీ మీద పోవాలి, ట్రాలీ మీదే రావాలి.

మొన్న మే రెండో వారంలో ఒక కుర్రాడు పెద్ద టర్బో డబ్బాతో సహా వచ్చాడు. డబ్బా ర్యాక్ మీద పెట్టించి, ఏ మార్పూ చేయని అతని కారులోనే మధ్యాహ్నం రెండింటికి జాతీయ రహదారి మీద మడికొండ దాకా వెళ్లొచ్చాం. తిరుగుదారిలో కాజీపేట దగ్గర ట్రాఫిక్‌లో ఆగాం. లాప్‌టాప్‌లో ఇన్‌టేక్ వేడి గీత ఎక్కుతూనే ఉంది. అతను మాట్లాడకుండా చాలాసేపు దాన్నే చూశాడు.

"అన్నా, ఇది ఇప్పుడే ఇంత ఎక్కుతుంది. అది ఏస్తే?"

"నువ్వే చెప్పు."

"ముందు ఇంటర్‌కూలర్ చూద్దాం."

డబ్బా ఇంకా నా ర్యాక్ మీదే ఉంది, సీలు విప్పలేదు.