కొలబద్దనే కొలువవలెను
ఆదివాసి బాలలు – ఆటిజము నిర్ణయము: ఒక విమర్శ

రక్తపు చుక్కను పరీక్షించి మలేరియాను గుర్తింపవచ్చును. ఆటిజమునకు అట్టి పరీక్ష లేదు. మెదడు వికాసములోని భేదము వలన మాట, చూపు, ఇతరులతో కలయిక వేరు విధముగా పెరుగు స్థితి అది. బిడ్డ ప్రవర్తనను చూచియే దానిని నిర్ణయింపవలెను. 1943లో లియో కానర్ అను వైద్యుడు అమెరికాలో 11 మంది పిల్లలను వర్ణించిన నాటి నుండి పద్ధతి ఇదే. కావున చూచువారెవరు, ఏ అలవాట్లను ప్రమాణముగా పెట్టుకొని చూచుచున్నారు అనునది చిన్న విషయము కాదు. కెనడాలోని ఆదివాసి బాలల సంగతి దీనికి నిదర్శనము.

నేడు పలు దేశములలో వాడుకలోనున్న పరీక్షకు ‘అడాస్’ అని పేరు. 1989లో వెలువడి, 2012లో సవరింపబడినది. నిపుణుడు సుమారు గంటసేపు బిడ్డతో ఆడును, మాట్లాడును. చిన్న పిల్లలకైనచో సబ్బు బుడగలు ఊదును, బొమ్మకు పుట్టినరోజు పండుగ చేయును. కొవ్వొత్తులార్పు ఆ ఆటలో బిడ్డ ఎట్లు పాలుపంచుకొనునో, కన్నులు కలిపి చూచునో లేదో గమనించి అంకెలు వేయును. పరీక్షకులందరిది ఒకే పద్ధతి గనుక ఒకరి తీర్పును మరియొకరి తీర్పుతో పోల్చవచ్చును. ఈ గుణమును కాదనరాదు.

అయితే ఆ పండుగ, ఆ చూపు, ఆ సైగలు ఎవరివి? ఉత్తర కెనడాలోని ఇన్యూట్ ప్రజలు ‘ఔను’ అనుటకు కనుబొమలెత్తుదురు. ‘కాదు’ అనుటకు ముక్కు ముడుతురు. తల ఊపుటకై ఎదురుచూచు పరీక్షకునికి ఆ బిడ్డ బదులు చెప్పనట్లే తోచవచ్చును. పెద్దల కన్నులలోనికి సూటిగా చూచుట అమర్యాద అని ఎంచు ఆదివాసి కుటుంబములు అనేకము. అట్టి ఇంటి బిడ్డ చూపు దించుకొన్నచో అది మర్యాదయా, లక్షణమా? ఇన్యూట్ పిల్లలలో చెవి మధ్యభాగపు వాపు కూడ చాల ఎక్కువ. చెవి సరిగా వినబడని బిడ్డ పేరుపెట్టి పిలిచినను పలుకదు. పలుకకుండుట ఆటిజము లక్షణములలో ఒకటి.

ఇవి తెలియని పరీక్షకుడు రెండు విధముల పొరబడును. ఆటిజము లేని బిడ్డకు ఉన్నదనవచ్చును. ఉన్న బిడ్డను ‘ఇది వారి ఆచారము’ అనియో, ‘చెవి దోషము’ అనియో పంపివేయవచ్చును. రెండవ పొరపాటు లెక్కలలోనికి ఎక్కదు. అందుచేత అది మరింత ప్రమాదకరము.

పరీక్ష వరకు చేరుటయే మరియొక కష్టము. నునావుత్ ప్రాంతములో 25 ఊళ్లున్నవి. ఒక ఊరి నుండి మరియొక ఊరికి రోడ్డు లేదు, విమానమే గతి. రాజధాని ఇకాలుయిట్ నుండి ఒట్టావా నగరము సుమారు 2,000 కిలోమీటర్లు. అంత దూరము ప్రయాణము చేసి అలసిన బిడ్డ, ఎరుగని గదిలో, పరాయి భాషలో కనబరచిన ప్రవర్తన దాని నిత్యప్రవర్తన అగునా?

ఖర్చు తగవు వేరు. మానిటోబాకు చెందిన జోర్డాన్ రివర్ ఆండర్సన్ అను క్రీ తెగ బాలుడు 2005లో ఐదేండ్ల వయస్సున ఆస్పత్రిలోనే మరణించెను. అతనిది ఆటిజము కాదు, వేరొక జన్మవ్యాధి. ఇంటివద్ద సేవలకు సొమ్ము కేంద్రము ఇవ్వవలెనా, రాష్ట్రము ఇవ్వవలెనా అను వివాదము తెగకముందే ఆయువు తీరినది. ముందు సేవ, పిమ్మట తగవు అను ‘జోర్డాన్ సూత్రము’ను 2007లో పార్లమెంటు దిగువసభ ఆమోదించినది. అయినను 2016లో మానవహక్కుల ట్రిబ్యునల్ దాని పూర్తి అమలుకు ఆదేశింపవలసివచ్చినది.

ఆదివాసి సమాజములు ఇట్టి బిడ్డలను సహజముగనే ఆదరించును, పేరు పెట్టుట ఎందుకు అను వాదము కూడ ఉన్నది. ఆదరణ మెచ్చదగినదే. కాని నిర్ణయపత్రము లేనిదే ప్రత్యేక బోధన, మాట నేర్పు శిక్షణ దొరకుట కష్టము. న్యూజిలాండులో మావోరీ భాషావేత్త కేరి ఓపాయ్ 2017లో వెలువడిన పదకోశములో ఆటిజమునకు ‘టాకివాతంగ’ అను పదమును కల్పించెను. ‘తనదైన కాలము, తనదైన చోటు’ అని భావము. పేరు పెట్టియు గౌరవము నిలుపవచ్చునని ఆ పదము తెలుపుచున్నది.

ఈ ప్రశ్న మనకును వర్తించును. సికింద్రాబాదులోని జాతీయ సంస్థ 2009లో రూపొందించిన భారతీయ కొలబద్దలో 40 అంశములున్నవి. కన్నులు కలిపి చూడకపోవుట వానిలో మొదటిది. ఇంట కోయ, గోండి, సవర భాషలు మాట్లాడు బిడ్డలకు అంకె వేయుటకు ముందు చెవులు పరీక్షింపవలెను. వారి భాష, సైగలు ఎరిగినవారిని ప్రక్కన ఉంచుకొనవలెను. తల్లి మాట వినవలెను. దినదినము ఆ బిడ్డను చూచు ఉపాధ్యాయుని సాక్ష్యమునకు కూడ అందులో చోటుండవలెను.