రాళ్ళకి పేర్లు పెట్టిందెవరు?

హైదరాబాదు రాళ్ళ మీద వచ్చిన ఫోటోలూ చిత్రాలూ చూసినప్పుడల్లా దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండే నాకు ఒక అనుమానం వస్తుంది. ఈ రాళ్ళన్నీ నగరానికి పడమట దిక్కునే పుట్టాయా? ఒకప్పటి వారసత్వ జాబితాలోకి ఎక్కిన రాళ్ళ పేర్లు చూడండి: బేర్స్ నోస్, మాన్‌స్టర్ రాక్, ఒబెలిస్క్, మష్రూమ్ రాక్, టోడ్‌స్టూల్. (చివరి రెండూ పుట్టగొడుగులే!) ఇవన్నీ జూబ్లీహిల్స్, మాదాపూర్, సెంట్రల్ యూనివర్సిటీ వైపువే. వీటిలో ఒక్కదానికీ తెలుగు పేరు లేదు, దక్కనీ పేరూ లేదు. పేరు పెట్టడం చిన్న విషయం కాదని స్త్రీవాద సాహిత్యం చదువుకున్న మనకి వేరే చెప్పక్కర్లేదు.

1996లో మొదలైన 'సొసైటీ టు సేవ్ రాక్స్' చేసిన పనిని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. రాళ్ళ మధ్య నడకలు పెట్టి, ప్రదర్శనలు జరిపి, రాయిని చూడ్డం నేర్పింది వాళ్ళే. జాబితాకి ఆధారమైన నిబంధనని 2015లో ప్రభుత్వం తీసేశాక, జనం మనసులో చోటు తప్ప రాళ్ళకి వేరే రక్షణ పెద్దగా మిగల్లేదు. కాబట్టే కళ ఏ భాషలో మాట్లాడుతోందన్నది ముఖ్యం. ఉమా మగల్ తీసిన డాక్యుమెంటరీ పేరు 'ది అదర్ కోహినూర్స్'. ఆకట్టుకునే పేరే. కానీ రాయి విలువ చెప్పడానికి వజ్రమే కావాలా? రోలు సరిపోదా?

ఇది దాదాపు 250 కోట్ల సంవత్సరాల కిందట భూమి లోపల చల్లబడి గట్టిపడిన గ్రానైటు. పైనున్నదంతా కోసుకుపోయాక బయటపడింది. పగుళ్ళలోకి నీళ్ళు దిగి, మూలలు అరిగి, ఉల్లిపాయలా పొరలు ఊడి గుండ్లు మిగిలాయి. ఎవరో ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంటాయి గాని పేర్చినవి కావు, చుట్టూ ఉన్నది పోగా నిలిచినవి. ఈ సంగతి చెప్పడానికి తిరగలి చాలు. వాడేకొద్దీ రాయి నున్నబడుతుంది, గింజ నలగదు, మళ్ళీ కక్కు కొట్టించాలి. రాయి అరగడం అంటే ఏమిటో మన అమ్మమ్మల చేతులకి తెలుసు. విసురుతూ వాళ్ళు పాడిన పాటల్ని శ్రమగీతాలని సేకరించాం, వర్గీకరించాం, వాటి మీద పట్టాలు పుచ్చుకున్నాం. ఆ పాట కింద తిరిగిన రాయి ఏ గుట్టదో, ఎవరు చెక్కారో నేను చదివిన సంకలనాల్లో కనబడలేదు.

చెక్కింది వడ్డెరలు. గుట్టని పగలగొట్టిందీ వాళ్ళే, కంకర కొట్టిన ఆడవాళ్ళతో సహా. మా కాలనీల పునాదుల్లో ఉన్నది వాళ్ళ చెమటే. రాళ్ళని కాపాడాలనే కళ తరచుగా ఇక్కడే తడబడుతుంది. సుత్తి పట్టిన చెయ్యి ఫోటోలో పడుతుంది, గుట్టని చదును చేయించి ప్లాట్లు అమ్మినవాడి మొహం పడదు.

యునెస్కో 2015లో మొదలుపెట్టిన గ్లోబల్ జియోపార్కుల పథకం రాయిని మనుషుల నుంచి విడదీయదు. స్థానికుల సంస్కృతి, స్త్రీల భాగస్వామ్యం అందులో భాగం. 2025 నాటికి మన దేశంలో అలాంటి పార్కు ఒక్కటీ లేదు. ఆ ఏడాది విశాఖ ఎర్రమట్టి దిబ్బలు, తిరుమల కొండలు ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరాయి గాని అది వేరే దారి.

మా తూర్పు వైపు రాచకొండ గుట్టలున్నాయి. 'రసార్ణవసుధాకరం' రాసిన సింగభూపాలుడి రాజధాని. ఎల్బీనగర్‌లో మాత్రం రాచకొండ అంటే 2016 తర్వాత చాలామందికి గుర్తొచ్చింది పోలీసు కమిషనరేటే! అలంకారశాస్త్రం చదివిన మనమూ రసం దగ్గరే ఆగాం, కొండ దాకా వెళ్ళలేదు.

రాళ్ళ మీద తర్వాతి ప్రదర్శన ఎల్బీనగర్‌లో, ఏదో ఒక ఫంక్షన్ హాల్లో పెట్టమని అడుగుతాను. గోడల మీద ఫోటోలు ఉండనివ్వండి. మధ్యలో ఒక తిరగలి, కక్కు కొట్టే ఒకామె. మొదట ఆమె మాట్లాడాలి, ఏ రాయి ఎటు పగులుతుందో చెప్పాలి. గుండ్లకి ఆమె వాళ్ళు ఏ పేర్లు పెట్టుకున్నారో అడిగి రాసుకోవాలి. ఆ రోజు కూలీ ఆమెకి ముందే ఇచ్చెయ్యాలి.