పలక లెక్క: గుణదోషములు

మార్కాపురం పేరు వినగానే తెలుగువారికి పలక స్ఫురించును. ఆ ప్రాంతమున పొరలు పొరలుగా దొరకు రాతిని పలుచగా చీల్చి, నునుపుచేసి, కొయ్యచట్రము బిగించి దేశమంతటికి పంపినారు. మార్కాపురం, గిద్దలూరు ప్రాంతములు 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినపుడు కర్నూలు నుండి వచ్చి అందులో చేరినవి. ఈ మెట్టసీమ ఇచ్చిన పలకపై ఎన్నో తరముల పిల్లలు లెక్కలు నేర్చినారు. నోటుపుస్తకములు, ప్లాస్టిక్కు పలకలు వచ్చి రాతిపలకకు గిరాకి తగ్గినది. గుణకార భాగహారములను ఇప్పుడు చేతిఫోను చేయుచున్నది. పలక నాటి పిల్లలకు లెక్క బాగుగా వచ్చెడిదని పెద్దలందురు. పలకలోని గుణమేదో, దోషమేదో విడదీసి చూచినగాని ఈ మాట విలువ తెలియదు.

ఒక ఉదాహరణము. పెట్టె ఒక్కింటికి 98 పలకల చొప్పున 47 పెట్టెలలో ఎన్ని పలకలు? ఎక్కములు వచ్చిన విద్యార్థి వరుసలు వేసి గుణించి 4,606 అనును. ఆలోచనగల విద్యార్థి పెట్టెకు 100 అనుకొని 4,700 వేసికొనును. పెట్టెకు 2 చొప్పున 94 తీసివేయును. జవాబు ఒక్కటే. కాని అది 4,700కు కొంచెము లోపున ఉండవలెనని రెండవవానికి ముందే తెలిసినది. ఈ తెలివి బలపము ఇచ్చినది కాదు. సంఖ్యను విడదీసి చూచు అలవాటు ఇచ్చినది.

ఇక క్యాలిక్యులేటరు సంగతి. 98కి బదులు 89 నొక్కినచో అది 4,183 అని చూపును. యంత్రము తప్పు చేయలేదు, వ్రేలు చేసినది. ముందుగా ఉజ్జాయింపు వేయని విద్యార్థి దానినే జవాబుగా వ్రాసికొనును.

పాతకాలపు తొమ్మిదుల తాళా కూడ ఇక్కడ రక్షింపదు. 10, 100, 1000 వీనిలో దేనిని 9చే భాగించినను శేషము 1. అందుచే ఏ సంఖ్యకైనను అంకెల మొత్తమును బట్టి శేషము చెప్పవచ్చును. 98కి శేషము 8, 47కు 2. వాని లబ్ధము 16, దాని శేషము 7. జవాబు 4,606లోని అంకెల మొత్తమును 16, శేషము 7, తాళా సరిపోయినది. కాని 4,183లోని అంకెల మొత్తము కూడ 16 యే! అంకెలు తారుమారైన తప్పును ఈ తాళా పట్టజాలదు. ఉజ్జాయింపు పట్టును: 4,700 నుండి 94 తగ్గవలసిన చోట 517 తగ్గుట ఎట్లు? కారణము తెలియక తాళాను వల్లించినవానికి దాని పరిమితియు తెలియదు.

పలకకున్న పెద్ద దోషము చెరుపుట. తడిగుడ్డతో తుడిచినచో తప్పుతోపాటు అది పుట్టిన చోటు కూడ పోవును. ఉపాధ్యాయునికి మిగులునది జవాబు మాత్రమే. యంత్రము చూపునదియు అంతే. ఈ దోషము చాల పాతది. పూర్వము మన దేశమున ధూళి చల్లిన పలకపై అంకెలు వ్రాయుచు, చెరుపుచు లెక్క చేసెడివారు. పాటీగణితమను పేరులోని ‘పాటి’ ఆ పలకయే. 952-53లో డమాస్కసులో అల్ ఉక్లిదిసీ అరబ్బీలో వ్రాసిన గ్రంథము, ఈ హిందూ గణితమును చెరుపనక్కరలేకుండ సిరాతో కాగితముపై చేయు విధమును చూపినది. మెట్లు నిలిచియున్నగాని తప్పును వెదకుట సాధ్యము కాదు.

కావున పలకకు తిరిగిపోవుట మందు కాదు. యంత్రమును నిషేధించినంత మాత్రమున లెక్క రాదు. తరగతిలో మొదట ఉజ్జాయింపు చెప్పించవలెను. పిదప మెట్లన్నియు వ్రాయించవలెను. తప్పును చెరుపనీయక కొట్టివేయించవలెను. చివర తాళా చూపించి, అది ఏ తప్పును పట్టునో, దేనిని పట్టదో అడుగవలెను. ఈ నాలుగును అలవడిన విద్యార్థి చేతిలో పలకయున్నను, యంత్రమున్నను, తప్పుడు జవాబును అతడు నమ్మడు.