కూలింగ్ పేపర్ లెక్క

కారు కొనడమంటే సగం పనేనని వారం తిరక్కుండానే తెలిసొచ్చింది. దుర్గమ్మ గుడి దగ్గర పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి ఇంటికి తెచ్చామో లేదో, చూడ్డానికొచ్చిన ప్రతివాళ్లూ బండి చుట్టూ ఓ ప్రదక్షిణ చేసి ఏదో ఒకటి తక్కువైందన్నారు. వెనకద్దం మీద పిల్లల పేర్లు లేవని ఆడపడుచు, హారన్‌లో దమ్ము లేదని మా ఆయన. తమ్ముడైతే నేరుగా అద్దాల మీద పడ్డాడు. "ఫుల్ బ్లాక్ వేయించక్కా, లుక్ అదిరిపోద్ది."

లుక్ సంగతెలా ఉన్నా, మే నెల బెజవాడలో మధ్యాహ్నం రెండింటికి ఎండలో నిలిపిన కారు తలుపు తీసినవాళ్లకు కూలింగ్ పేపర్ విలాసం అనిపించదు. స్టీరింగు పట్టుకోవాలంటే కొంగు చుట్టుకోవాలి. అందుకే ఆటోనగర్ వెళ్లాను.

మొదటి షాపులో కుర్రాడు చాలా ధీమాగా చెప్పాడు: "యాభై శాతం ఫిల్మ్ మేడమ్, లీగలే." నిజంలాగే ఉంది. 1989 నాటి మోటారు వాహనాల నిబంధనల్లో వందో నిబంధన ప్రకారం పక్కద్దాలు కనీసం 50 శాతం, ముందద్దం, వెనకద్దం కనీసం 70 శాతం వెలుతురు లోపలికి వదలాలి. కానీ ఆ యాభై ఫిల్మ్‌కు పెట్టిన హద్దు కాదు, అద్దం, ఫిల్మ్ కలిపి. కంపెనీ నుంచి వచ్చే అద్దంలోనే కాస్త ఆకుపచ్చ ఛాయ ఉంటుంది. అది 75 శాతం వదులుతుందనుకుంటే, దాని మీద యాభై శాతం ఫిల్మ్ వేస్తే మిగిలేది 37 చిల్లర. హద్దులో ఉండాలంటే 70 శాతం ఫిల్మ్ వేయాలి. అప్పటికి 52 చిల్లర దక్కుతుంది. అదే లెక్కన వెనకద్దానికి 94 శాతం వదిలే ఫిల్మ్ కావాలి. అంటే దాని జోలికి పోకపోవడమే మేలు.

ఈ లెక్క నాకు చెప్పింది రెండో షాపులో పెద్దాయన. పాతికేళ్లుగా అద్దాల పనే. 2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు అవిషేక్ గోయెంకా కేసులో ఎంత శాతమైనా సరే, అద్దాల మీద ఫిల్మే అతికించకూడదని తీర్పిచ్చాక, ఆయన రోజూ ఫిల్మ్‌లు వేయడం మాని పీకడం మొదలుపెట్టాడట. "వేసినదానికంటే పీకినదానికే ఎక్కువ డబ్బులొచ్చినయ్యమ్మా ఆ ఏడాది" అని నవ్వాడు. నల్లద్దాల చాటున జరిగిన నేరాలు ఆ కేసులో ప్రస్తావనకొచ్చాయి. ఒంటరిగా డ్రైవ్ చేసే ఆడదానిగా నాకూ రెండు మనసులే: నన్నెవరూ చూడకూడదనీ ఉంటుంది, ఆపదలో ఎవరైనా చూడాలనీ ఉంటుంది.

2021 ఏప్రిల్ నుంచి నిబంధన మారి, ప్రమాణాలకు తగ్గ ప్లాస్టిక్ పొర ఉన్న అద్దానికి చోటు దొరికింది. దాన్ని పట్టుకునే 2024 సెప్టెంబరులో కేరళ హైకోర్టు, హద్దులో ఉన్న ఫిల్మ్‌కు జరిమానా వేయకూడదంది. ఆ తీర్పు కేరళది. బెంజ్ సర్కిల్ దగ్గర ఎవరైనా ఆపితే చూపించడానికి బిల్లు, ఫిల్మ్ సర్టిఫికెట్ డ్యాష్‌బోర్డు అరలో పెట్టుకోమన్నాడు పెద్దాయన.

"ఇంత తెల్లగా ఉంటే చల్లదనమేం వస్తుంది బాబాయ్?" అన్నాను. బల్బు ముందు రెండు ముక్కలు పెట్టి వాటి వెనక నా అరచేయి ఉంచమన్నాడు. నల్లటి రంగు ముక్క వెనక చెయ్యి చురుక్కుమంది, తెల్లటి సిరామిక్ ముక్క వెనక గోరువెచ్చగా ఉంది. ఎండలో వేడిగా తగిలే శక్తిలో దాదాపు సగం కంటికి కనపడని పరారుణ కిరణాలదే. మంచి సిరామిక్ ఫిల్మ్ చాలామటుకు వాటినే ఆపుతుంది. నలుపు కంటికే చల్లన.

పని మొదలుపెట్టేముందు షట్టరు దించి ఫ్యాను ఆపేశాడు. ఒక్క దుమ్ము రేణువు చిక్కినా బుడగ లేస్తుందట. నా కారు చల్లబడటానికి ఆయనా శిష్యుడూ ఆ ఉక్కలో చెమటోడ్చారు. షాంపూ కలిపిన నీళ్లు చల్లి, ఫిల్మ్‌ను అద్దం బయటివైపు పరిచి హీట్ గన్‌తో వంపు తెప్పించి, అంచులు కోసి, లోపలివైపు జార్చి, రబ్బరు పట్టీతో మధ్యనుంచి పక్కలకు నీళ్లు తోశాడు. నాలుగు అద్దాలకు మూడు గంటలు. అంతా అయ్యాక చూస్తే ఏమీ వేసినట్టే లేదు. ఆయన మొహంలో తృప్తి చూసి, అదే పనితనమని అర్థమైంది.

సీటు కవర్ల దగ్గర మాత్రం నేనే పట్టుబట్టాను. సీటు పక్కన ఎయిర్‌బ్యాగు ఉన్న కారుకు అక్కడ తేలిగ్గా చిరిగే కుట్టున్న కవరే వేయాలి. దొరికేదాకా కంపెనీ గుడ్డతోనే తిరుగుతున్నాను. హారన్ మార్చలేదు. మా ఆయన అలిగాడు.

తమ్ముడు సాయంత్రం వచ్చి కారంతా కలియజూసి, "ఎప్పుడేయిస్తావక్కా?" అన్నాడు.

నాలుగు రోజులు అద్దాలు దించొద్దని పెద్దాయన స్విచ్చుల మీద టేపు వేశాడు. మర్నాడు కంకిపాడు దారిలో తాటిముంజలు కనబడితే ఆగి, బేరం కోసం తలుపు బార్లా తెరిచాను. చల్లదనమంతా రోడ్డు మీదికి పోయింది. ముంజలమ్మాయి "అద్దం పనిచెయ్యట్లేదా అక్కా, కొత్త కారేగా!" అంది.