సత్సుమా పాత్ర, బస్తర్ మట్టి గుర్రం

హైదరాబాదు సాలార్ జంగ్ మ్యూజియంలో జపాన్ విభాగానికి వెళ్ళిన సందర్శకులు సత్సుమా పాత్రల ఎదుట కొంతసేపు నిలువక మానరు. మీగడ వన్నె పూత, దానిలో సన్నని పగుళ్ళ వల, ఆపైన బంగారు రేఖలతో పుష్పాలు, పక్షులు, వీరులు. జపాన్ హృదయమంతా ఇదేనని భావించి ముందుకు సాగుతాము. ఆ భావన సగమే సత్యం.

1592-98 నాటి దండయాత్రల్లో కొరియా నుంచి క్యూషూ ద్వీపానికి తరలింపబడిన కుమ్మరులే అక్కడి సత్సుమా, అరితా పరిశ్రమలకు ఆద్యులు. పదిహేడవ శతాబ్దంలో అరితా పింగాణీని డచ్చి వర్తకులు ఐరోపాకు చేర్చారు. ఓడలకెక్కిన రేవు పేరిట అది ‘ఇమారి’ అయినది. 1867 పారిస్ ప్రదర్శన అనంతరం సత్సుమాకు పాశ్చాత్య దేశాల్లో గిరాకీ పెరిగింది. కొనుగోలుదారుల అభిరుచిని అనుసరించి అలంకారమూ దట్టమైనది. అదే జపాన్‌లో తేనీటి గోష్ఠులవారు చక్రం లేకుండా చేతితో మలచిన నిరాడంబరమైన రాకు గిన్నెను శతాబ్దాలుగా ఆదరిస్తూ వచ్చారు. నిత్యోపయోగ వస్తువులలోని సౌందర్యాన్ని చాటిన యనాగి సొయెత్సు కృషి ఫలితంగా 1936లో టోక్యోలో జానపద కళల మ్యూజియం వెలసింది.

కనుక పాత్ర పేరు, కాలం తెలిసినంతమాత్రాన చాలదు. అది ఎవరి కొరకు రూపొందినదో తెలిసినప్పుడే దాని సాంస్కృతికార్థం బోధపడుతుంది.

ఈ ప్రశ్న మనకూ వర్తిస్తుంది. తెలంగాణ సరిహద్దుకు చేరువలోని ఉసూర్ బస్తర్ ప్రాంతంలోనిది. ఆ బస్తర్‌లో కుమ్మరులు చేసిన మట్టి గుర్రాలను, ఏనుగులను మొక్కు తీరినవారు గ్రామదేవతకు సమర్పిస్తారు. ఎండకు, వానకు శిథిలమై అవి మట్టిలో కలిసిపోయినా ఎవరూ చింతించరు. మొక్కు చెల్లినది, అంతే. సత్సుమా కూడా పింగాణీ కాదు, కాల్చిన మట్టియే. అయినను దానిని ‘కళ’ అని, దీనిని ‘హస్తకళ’ అని వేరుచేసి పిలవడం మనకు అలవాటైనది.

నేడు బస్తర్ గుర్రం నగరాల దుకాణాలకు చేరుతున్నది. దీనిని నిరసించనక్కరలేదు, ఎగుమతి అరితా బట్టీలకు అన్నం పెట్టినది. అయితే కొనుగోలుదారు కోరిన సొగసులు పెరిగేకొద్దీ సమర్పణార్థం మరుగున పడవచ్చు. హస్తకళల ప్రోత్సాహక పథకాలు రూపొందించే అధికారులు ధరతోపాటు ఆ బొమ్మ వెనుకనున్న ఊరిని, దేవతను, మొక్కును కూడా నమోదు చేయడం అవసరం. అది జరగనినాడు మన మనుమలు అద్దాల బీరువాలో గుర్రాన్ని చూసి, బస్తర్ అంటే ఇంతేనని ముందుకు సాగిపోతారు.